నేతి మావయ్యగారి చిన్నాకు

మొన్న రావులపాలెంలో ఓ పెళ్లికి వెళ్లేను. భోజనాల దగ్గర కేటరింగ్ ఆయనొకరు నా పక్కకొచ్చి నిలబడ్డారు. నెత్తిన ప్లాస్టిక్ టోపీ, చేతులకి తొడుగులు, చేతిలో చిన్న స్టీలు గిన్నె, అందులో టీస్పూను. "సార్, నెయ్యి వెయ్యమంటారా?" అని అడిగేరు.

అడిగేరండీ! నెయ్యి వెయ్యడానికి పర్మిషను అడిగేరు! మా నేతి మావయ్యగారు గనక అక్కడుండుంటే ఆ స్పూను లాక్కుని ఎదురుగా ఉన్న అరటితోటలోకి విసిరేసి ఉండేవారు. నెయ్యి అన్నది అడక్కుండా ఒకసారి, వద్దన్నాక ఇంకోసారి వెయ్యాలి. ఆయన లెక్కలో మర్యాదంటే అదీ. నాకు ముందు నవ్వొచ్చింది. ఆ తరవాత ఏమైందో తెలీదు, ఆకులో పప్పన్నం చల్లారిపోయేదాకా అలా కూచుండిపోయేను.

ఆయన అసలు పేరు ఇక్కడ రాయను. రాసినా కొత్తపేట చుట్టుపక్కల ఆ పేరు ఎవరికీ తెలీదు, ఆధార్ కార్డుకి తప్ప. మా అమ్మకి వరసకి అన్నయ్య. ఆ వరస ఎటునించి ఎటు తిరిగి వచ్చిందో ఇద్దరికీ తెలీదు, ఇద్దరూ ఎప్పుడూ కనుక్కోలేదు కూడా. ఆయనకి ఓ కొబ్బరితోట ఉండేది, ఓ పాత స్కూటరుండేది. ఈ రెండింటికన్నా ముద్దుగా చూసుకునే ఇత్తడి నేతిజారీ ఒకటుండేది. చుట్టూ పది ఊళ్లలో ఎవరింట్లో పెళ్లయినా, గృహప్రవేశమైనా, ఆ జారీని తువ్వాల్లో చుట్టి స్కూటరు ముందు పెట్టుకుని దిగిపోయేవారు. వంటవాళ్లు ఎవరైనా కానివ్వండి, పప్పు ఎవరైనా వడ్డించనివ్వండి, నెయ్యి మాత్రం ఆయనే. జారీ ఇంకొకళ్లు ముట్టుకుంటే చాలు, ఆ పూటంతా మొహం మాడ్చుకు తిరిగేవారు.

పోసే తీరే వేరు. మోకాళ్లెత్తునించి సన్నగా ధార వదిలేవారు. నడక ఆపేవారు కాదు, ఒక్క బొట్టు బయట పడేది కాదు. ఎవరైనా ఆకుకి చెయ్యడ్డం పెట్టేరనుకోండి, ఆ చేతి మీద జారీ అలాగే పట్టుకుని వాళ్ల తాతగారి గురించి కబుర్లు మొదలెట్టేవారు. తాతగారు అరిసెలెలా తినేవారో, పనసపొట్టు కూర చూస్తే ఎలా ఊగిపోయేవారో చెబుతూ ఉంటే, ఆ చెయ్యి కాసేపటికి నొప్పెట్టి దానంతటదే పక్కకి పోయేది. ఒకసారి ఓ ఎస్సైగారు గట్టివారు, రెండు చేతులూ అడ్డం పెట్టేరు. ఈయన వేళ్ల సందులోంచి పోసేసి, "ఆయ్, తమరి డ్యూటీ తమరు చేసేరు, నా డ్యూటీ నేను చేసేనండి" అని ముందుకెళ్లిపోయేరు.

ఇంకో విచిత్రం ఏంటంటే, ఆయనకి మనుషుల మొహాలు గుర్తుండేవి కావు. ఆకులు గుర్తుండేవి. "మొన్న పెళ్లిలో మా బాబాయి కనబడ్డారా మావయ్యగారూ?" అంటే కాసేపు ఆలోచించి, "ఎవరూ, అప్పడం ముందే నలిపేసి పక్కన పోసుకుంటారు, ఆయనేనా?" అనేవారు. ముమ్మాటికీ ఆయనే! నాకు చిన్నప్పుడే చెప్పేరు: "అల్లుడూ, వడ్డించేటప్పుడు మొహం చూడకు. పెళ్లికొచ్చినవాడు ఎవడైనా నవ్వుతూనే ఉంటాడు. ఆకు చూడు."

ఇక నా ఆకంటే ఆయనకి ప్రాణం. గొప్పకి చెప్పుకోవడం కాదు గానీ, ఆ రోజుల్లో నేను తింటూంటే వెనకాల జనం చేరేవారు. పదకొండు బూరెలు తిని, ఒక్కోదానికీ చిల్లు పెట్టి నెయ్యి పోయించుకుని, ఆ పైన పెరుగన్నం మామూలుగా తినేవాణ్ణి. మావయ్యగారు నన్ను పదిమందికీ చూపించి, "నా చేతి నెయ్యికి న్యాయం చేసేవాడు ఈ కుర్రకుంకొక్కడేనండి" అని మురిసిపోయేవారు.

అప్పుడు నాకు పాతికేళ్లు. అమలాపురంలో ఓ పెళ్లి. బంతిలో కూచున్నాను, ఆయన జారీతో వస్తున్నారు. నా దగ్గరికొచ్చి ఆగిపోయేరు. చెయ్యడ్డం పెట్టనివాళ్ల దగ్గర ఆయన ఆగడం అంతవరకూ ఎవరూ చూళ్లేదు. నేను చెయ్యడ్డం పెట్టలేదు, వద్దనలేదు, పళ్లికిలించి నవ్వుతూ ఆయన్నే చూస్తున్నాను. ఆయన నా ఆకు వంక చూసేరు. నెయ్యి పొయ్యకుండా పక్కాకుకి వెళ్లిపోయేరు.

నేను అప్పటికే బూరెలు రెండూ ఆకు అంచు కిందకి తోసేసి, పైన ఆకు మడతేసేను. అదీ ఆయన చూసింది.

ఏడాదినించీ ఇదే వరస. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది, మంటొచ్చేది. మా ఊళ్లో దీనికి పేరు గ్యాసు. మా దగ్గర ప్రతి ఇంట్లోనూ గ్యాసు డాక్టరొకరుంటారు. వామన్నారు, జీలకర్ర నీళ్లన్నారు, గోళీసోడా అన్నారు. పాతికేళ్లవాడికి గ్యాసు కాక ఇంకేమొస్తుందండీ? నేనూ మందుల షాపులో మాత్రలు కొనుక్కుని మింగుతూ, బెల్టుకి కొత్త కన్నాలు పొడుచుకుంటూ తిరిగేను.

మర్నాడు పొద్దున్నే స్కూటరు మా ఇంటి ముందాగింది. ఆయన అరుగు మీద కూచుని, "చెల్లెమ్మా, వీడి ఆకు బాగోలేదు" అన్నారు.

"అయ్యో, అది గ్యాసండీ అన్నయ్యగారూ" అంది అమ్మ, కాఫీ గ్లాసు అందిస్తూ.

"గ్యాసు పట్టినవాడు పులిహోర మానేస్తాడు గానీ బూరె దాచుకోడమ్మా. ఆ గొట్టం వేసి చూస్తారట కదా, ఆ పరీక్ష చేయించాలి. వీడు కారెక్కేదాకా మీ ఇంట్లో కాఫీ తాగను."

మీకు మా వైపు సంగతి తెలుసో లేదో. ఇంటికొచ్చినవాళ్లు కాఫీ తాగనంటే మాకది చిన్న విషయం కాదు. అమ్మ మొదటి కాఫీ పారబోసి రెండోది కలిపింది. రెండోది పారబోసి కొబ్బరినీళ్లు తెచ్చింది. ఆయన ముట్టుకోలేదు. ఎదురింటివాళ్లు గుమ్మంలోకొచ్చి, "ఏంటండీ, ఏమైనా మాటామాటా వచ్చిందా?" అని ఆరా తీసేరు. పదకొండయ్యేసరికి అమ్మకి ఏడుపే తక్కువ. నాన్న కారుకి ఫోన్ చేసేరు. నేను కారెక్కి తలుపేసుకున్నాక ఆ కొబ్బరినీళ్లు గటగటా తాగేసి, ముందు సీట్లో ఎక్కి కూచున్నారు.

గొట్టం వేసి చూసి, కడుపులో కేన్సరన్నారు. ఇంకొన్నాళ్లు ఆలస్యం చేసుంటే కష్టమయ్యేదన్నారు. మందులెక్కించేరు, తరవాత ఆపరేషన్ చేసి కడుపు మొత్తం తీసేసి, పేగుని తెచ్చి అన్నం దిగే గొట్టానికి కలిపేరు. ఆ మధ్యలో పడ్డదంతా ఇక్కడ చెప్పను, నాకే విసుగు. పదకొండు బూరెలు పట్టిన కడుపుని డాక్టరుగారు ఎక్కడ పారేసేరోనని మావయ్యగారికి మాత్రం చాలా బెంగగా ఉండేది.

ఇంటికొచ్చేక చూడ్డానికి వచ్చినవాళ్లంతా తలో స్వీటు డబ్బా తెచ్చేరు. ఆయన మాత్రం ఊరుకుంటారా? అత్తయ్యగారిచేత బూరెలు చేయించి, జారీతో సహా వచ్చేరు. "నీరసంగా ఉన్నాడమ్మా, ఒక్కటి తింటే ప్రాణం లేచొస్తుంది" అని చిల్లు పెట్టి నెయ్యి పోసి నా నోట్లో పెట్టేరు. నేనూ ఆశగా తినేసేను.

కాసేపటికి ఒళ్లంతా చెమట్లు, గుండె దడదడ, కళ్లు బైర్లు కమ్మేయి. అమ్మ కేకలు పెట్టింది. నాన్న డాక్టరుగారికి ఫోన్ చేస్తే, కంగారు పడొద్దు, పడుకోబెట్టండి, కడుపు లేనివాళ్లకి తీపి ఒక్కసారిగా పేగుల్లోకి దిగిపోతే ఇలాగే అవుతుంది అన్నారు. అరగంటలో తేరుకున్నాను. మావయ్యగారు తేరుకోలేదు. గోడకి జారబడి, "నా చేత్తో నేనే..." అంటూ తువ్వాలు పిండుకుంటూ నిలబడిపోయేరు. జారీ మా ఇంట్లోనే వదిలేసి వెళ్లిపోయేరు. మర్నాడు నాన్నే దాన్ని అత్తయ్యగారికి ఇచ్చొచ్చేరు.

తరవాతి చెకప్‌కి పిలవకుండానే వచ్చి కారెక్కేరు. ఆస్పత్రిలో తిండి గురించి చెప్పే మేడంగారు ఒకరుంటారు. ఆవిడ చెబుతూంటే మావయ్యగారు ఓ శుభలేఖ వెనకాల రాసుకున్నారు. కొంచెం కొంచెం, రోజుకి ఆరుసార్లు. బాగా నమలాలి. అన్నంతోపాటు నీళ్లు తాగకూడదు. పప్పు, గుడ్డు, పెరుగు ముందు. తీపి వద్దు.

"బూరె సగమండీ?" అన్నారు మావయ్యగారు.

"వద్దండీ."

"పావు?"

"వద్దండీ."

"పోనీ లోపలి పూర్ణం తీసేసి పైతోలు?"

"బాబాయిగారూ, వద్దంటే వద్దండీ!"

పాపం, ఆయన జీవితంలో ఒకే మనిషి నోట అన్ని వద్దులు విన్నది అప్పుడే. చెయ్యడ్డం పెడితే కబుర్లు చెప్పొచ్చు గానీ, ఆవిడ తాతగారెవరో ఈయనకి తెలీదాయె. బయటికొచ్చి బెంచీ మీద కూచుని చాలాసేపు ఆ శుభలేఖ చదువుకున్నారు. "వద్దన్న మాట కూడా మర్యాదేనంటావా అల్లుడూ?" అని అడిగేరు. నేను తలూపేను.

ఆ రోజునించి మనిషి మారిపోయేరు. ఆపరేషన్ తరవాత మిగిలిన మందెక్కించుకోడానికి నేను వెళ్లిన ప్రతిసారీ వెంటొచ్చేవారు. నా పక్కన కూచునేవారు కాదు, ఆ వార్డులో కుర్రవాళ్ల కోసం వెతుక్కుంటూ తిరిగేవారు. "ఏవూరండీ మీది?" అనడం, వాళ్ల టిఫిను డబ్బాలోకి తొంగిచూడటం. శిరీషని అలాగే పట్టేరు. రాజోలమ్మాయి, కాలేజీలో పాఠాలు చెబుతుంది, నాకన్నా రెండేళ్లు పెద్ద. పెద్దపేగు ఆపరేషనై, మలం పోవడానికి కడుపు మీద సంచీ పెట్టేరు. మండపేటలో ధాన్యం లారీ నడిపే సత్తిబాబు కూడా అలాగే దొరికేడు.

ఇంతా చేస్తే నా గొడవ వేరే ఉంది. నేను జనంలోకి వెళ్లడం మానేసేను. మా ఊళ్లలో పెళ్లికెళ్లి తినకపోతే ఎందుకని అడుగుతారు. చెబితే బుగ్గన చెయ్యేసుకుని "అయ్యయ్యో, ఇంత చిన్న వయసులోనా!" అంటారు. ఆ బుగ్గన చెయ్యి చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. దానికన్నా గదిలో తలుపేసుకుని రోజుకి ఆరుసార్లు ఒక్కణ్ణీ తినడం నయమనిపించేది. తినడం కూడా ఏం తినడం, మందు మింగినట్టు మింగడం. రాన్రాను ఆరుసార్లు నాలుగయ్యేయి, నాలుగు మూడయ్యేయి. డాక్టరుగారు బరువు చూసి, ఇలాగైతే మిగతా మందు ఆపాల్సొస్తుందని హెచ్చరించేరు.

ఆ సాయంత్రమే మావయ్యగారు వచ్చి, "రేపు రాజోల్లో మావాళ్ల పెళ్లి. లేచి బట్టలేసుకో" అన్నారు.

"నేను రానండీ. అక్కడందరూ..."

"అందరి సంగతీ నేను చూస్తాను. నువ్వు ఆకు సంగతి చూడు."

వెళ్లేను. తప్పిందా మరి! భోజనాల షామియానాలో ఓ మూల, పక్క తలుపు దగ్గర, ఆరుగురికి సరిపడా చిన్న వరస వేయించేరు. అరటాకుని నాలుగు ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కొక్కరికి. అప్పటికే శిరీష, సత్తిబాబు కూచుని ఉన్నారు. మావయ్యగారు గరిటె పక్కన పడేసి చెంచాతో వడ్డించేరు. ముద్దపప్పు చెంచాడు, కూర చెంచాడు, అన్నం పిడికెడు. నీళ్ల గ్లాసులు తీయించేసేరు. ఆ తరవాత మా వరసకి వీపు పెట్టి కాపలా నిలబడ్డారు. ఎవరైనా లడ్డూల పళ్లెంతో ఇటొస్తే, "ఆయ్, ఆ ఆకులు నావండి" అని వెనక్కి తోలేవారు. జీవితమంతా వద్దన్నవాళ్లకి పోసిన మనిషి, తెచ్చినవాళ్లకి వద్దని చెప్పడం చూస్తే నాకు పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. అసలు పొట్టే లేదనుకోండి, అది వేరే సంగతి.

శిరీష మాత్రం ముద్ద ముట్టుకోలేదు. సంచీలోంచి ఒక్కోసారి చప్పుడొస్తుంది, దాన్ని ఆపడం ఆమె చేతుల్లో ఉండదు. "ఎవరైనా వింటే ఎలా మావయ్యగారూ?" అంది, చున్నీ కడుపు మీదకి లాక్కుంటూ.

"అందుకే కదమ్మా, మేళంవాళ్లని ఇటు కూచోబెట్టించేను" అన్నారాయన.

చూస్తే నిజమే. సన్నాయి, డోలు, అంతా మా వెనకే. డోలు వాయించే ఆయనకి ముందే చెప్పి పెట్టేరట, మావయ్యగారు తువ్వాలు దులిపినప్పుడల్లా గట్టిగా వాయించమని. శిరీష మొహం మారినప్పుడల్లా ఈయన తువ్వాలు దులపడం, ఆయన డోలు చీల్చెయ్యడం. అవతల మంటపంలో పంతులుగారు ముహూర్తమైపోయిందేమోనని రెండుసార్లు గాభరా పడ్డారు. శిరీష నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, చిన్నాకు ఖాళీ చేసింది. నేనూ చేసేను. ఏడాదిన్నరలో మొదటిసారి నా ఆకు శుభ్రంగా తుడిచి లేచేను.

పెళ్లివారు ఊరుకోలేదు లెండి. ఆడపిల్ల తండ్రి పరుగెత్తుకొచ్చి, "మా ఇంటి పెళ్లిలో ముక్కాకులేంటండీ, నా పరువేం కాను!" అన్నారు. మావయ్యగారు అటువైపు పెద్దాకుల బంతి చూపించి, "అక్కడ సగం పారేసేరు, ఇక్కడ మెతుకు వదల్లేదు. పరువు ఎటుందో తమరే చూసుకోండి" అన్నారు. ఆయన చూసుకుని వెళ్లిపోయేరు.

అలా మొదలైంది చిన్నాకు బంతి. ఏ పెళ్లికెళ్లినా మాకో మూల, పక్కనే తలుపు, వెనకాల మేళం. ముగ్గురం ఐదుగురమయ్యేం, ఒకసారి తొమ్మిది మందిమి కూడా కూచున్నాం. స్కాన్ రిపోర్టు ముందురోజు నిద్రపట్టకపోవడం, వేళ్లు తిమ్మిరెక్కడం, పెళ్లి సంబంధాలవాళ్లకి చెప్పాలా వద్దా, సంచీ ఎక్కడ మార్చుకోవాలి, ఇంట్లో చెప్పుకోలేనివన్నీ ఆ ఆకుల ముందే మాట్లాడుకునేవాళ్లం. మావయ్యగారు వీపు పెట్టుకుని నిలబడి ఏమీ విననట్టు నటించేవారు. మర్నాడు ఎవరికి ఏం కావాలో అది స్కూటరు మీద ఇంటికొచ్చేది. నా బరువు పెరిగింది. మందులు ఆగకుండా పూర్తయ్యేయి.

కిందటేడు పెళ్లిళ్ల సీజన్లో ఆయన ఓ కొత్త పని చేసేరు. మాతోపాటు కూచున్నారు. వడ్డించేవాళ్లు అందరూ తిన్నాక చివర్న తింటారు కదా, ఈయన జీవితంలో ఎప్పుడూ బంతిలో కూచుని ఎరగరు. అలాంటిది తనకీ ఓ చిన్నాకు, అందులో ఓ బూరె వేసుకుని నా పక్కన చతికిలబడ్డారు. మేం చప్పట్లు కొట్టేం. "మావయ్యగారు మా పార్టీలోకి దూకేసేరండోయ్!" అని శిరీష అరిచింది. రెండు ముద్దలు తిని ఆకు మడిచేసేరు.

"అదేంటండీ, అంతేనా?" అన్నాను.

"మీకన్నా ఎక్కువ తింటే నాకు దిష్టి కొట్టదూ?"

అందరం నవ్వేం. నేను ఫోన్ తీసి ఫోటో కూడా తీసేను. ఆ సీజనంతా ఆయన చిన్నాకులోనే తిన్నారు. మాకు తోడుగా తింటున్నారని ఊరూరా చెప్పుకుని పొంగిపోయేం.

వానలు పడేసరికి ఆయన లేరు. చివర్లో ఆస్పత్రికి తీసుకెళ్తే, కడుపులో మొదలై అంతా పాకేసిందన్నారు. నాకొచ్చిందే.

"గ్యాసే అనేవారు బాబూ," అన్నారు అత్తయ్యగారు. "వాము నమిలేవారు. సీజన్ అయ్యాక చూపించుకుంటానులే, పిల్లల బంతి ఎవరు చూస్తారూ అనేవారు."

పన్నెండోరోజు భోజనాల్లో ఆవిడ జారీ తెచ్చి నా చేతిలో పెట్టేరు. నెయ్యి నాలిక్కి తగిలి మూడేళ్లయినవాణ్ణి, నాకు పొయ్యడమేం వచ్చు? మొదటి ధారే సత్తిబాబు చొక్కా మీద పోసేను. "మావయ్యగారు చూస్తే నిన్ను చంపేద్దురు" అని వాడు నవ్వేడు, నవ్వుతూనే వెక్కివెక్కి ఏడ్చేడు. నేను ఏడవలేదు. నాకు కోపంగా ఉంది. ఆయన మీద కాదు, నా మీద.

ఆయన మాతో కూచున్ననాడు తీసిన ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. అందులో ఆయన మొహం వెలిగిపోతూంటుంది. ఆకు ఓ మూల సగమే పడింది. పెద్దది చేసి చూస్తే, మడిచిన ఆకు కిందనించి బూరె అంచు కనిపిస్తుంది. నా ఆకు చూసి నన్ను బతికించిన మనిషి నా పక్కనే కూచుని బూరె దాచుకుంటే, నేను ఆయన మొహం చూస్తూ నవ్వేను.

రావులపాలెం పెళ్లిలో నా చల్లారిన పప్పన్నం మెల్లిగా తినేసి, అక్కడే ఉండిపోయేను. మూడు దాటేక అతిథులంతా వెళ్లేరు. కేటరింగ్ వాళ్లు షామియానా వెనక ఆకులేసుకుని కూచున్నారు. నేను ఓ కుర్చీ లాక్కుని, ఆ టీస్పూను ఆయనకి ఎదురుగా వేసుకున్నాను. టోపీ తీసేస్తే ముప్పయ్యేళ్లు కూడా ఉండవు. ఆయన కంగారుగా చూసేరు.

"ఏమైనా కావాలాండి?"

"ఏమీ వద్దండీ. మీరు తినండి."

ఏం పిచ్చాడో అనుకునే ఉంటారు. అయినా ఆకలి మీద ఉన్నారు, తినడం మొదలెట్టేరు. పప్పు, కూర, రెండోసారి పులిహోర, పెరుగు. చివర్న బూరె తీసుకుని, చిల్లు పెట్టి, ఎవర్నీ అడక్కుండా గిన్నెడు నెయ్యీ అందులో వంపేసుకున్నారు. ఆకులో ఇంకేమీ మిగల్లేదు. మడిచి లేచేదాకా చూసి, నేను బండి తీసుకుని ఇంటికొచ్చేసేను.